ఒక్కసారికి ఒక్క చెట్టు

మా హయత్‌నగర్ నుంచి కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాలంటే నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. ఎల్బీ నగర్ దాకా బస్సు, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీలో దిగాక మళ్లీ ఆటో. చేతిలో పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు, చాప. వెంట మోకాళ్ల నొప్పులతో అమ్మ, నాలుగో తరగతి చదివే పాప. ఇంత తిప్పలుపడి వచ్చాం కదా అని మొదటిసారి అన్నీ చూసేయాలనుకున్నాం. ఔషధ మొక్కలు, వెదుళ్లు, తాటిజాతి చెట్లు, బండరాళ్ల మధ్య నడకదారులు, ఒక్కటీ వదల్లేదు. సాయంత్రానికి ఫోన్ నిండా ఫొటోలు, కాళ్ల నిండా నొప్పులు.

రాత్రి అన్నాలు తింటుంటే అమ్మ అంది: "చుట్టాలింటికి పోయి గడపలకెల్లి మొకం చూపిచ్చి వచ్చినట్టున్నదే."

ఆ మాట మనసులో పడిపోయింది. ఫొటోలు తిరగేశాను. పేరు బోర్డు కనిపిస్తున్న చెట్లు తప్ప మిగతావేవీ నాకు ఆనవాలు దొరకలేదు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తోటకు వెళ్తే ఒక్కసారికి ఒక్క చెట్టు. దాని కిందే చాప, దాని కిందే భోజనం. పాప ఆడుకున్నా అమ్మ కునుకు తీసినా ఆ నీడలోనే. మిగతావి దారిలో కనిపిస్తే కనిపిస్తాయి, అంతే.

ఇలా మూడేళ్లుగా చూస్తున్నాం. మాకు బాగా తెలిసిన చెట్లు ఇప్పటికి ఏడంటే ఏడు. తక్కువే అనిపించవచ్చు. కానీ ఆ ఏడింటినీ ఆకు రాలి మోడుగా నిలబడ్డా, చీకట్లో బెరడు తడిమినా గుర్తుపట్టగలం.

అందులో మోదుగ దగ్గర కాస్త ఆగాలి.

మోదుగను దీపావళి తర్వాత మొదటిసారి చూశాం, అప్పుడు చెట్టు నిండా ఆకు. ఒక్కో కాడకు మూడు రెక్కలు. నడిమిది పెద్దది, గుండ్రంగా, నిండుగా ఉంటుంది. పక్కవి రెండూ మొదట్లో కాస్త ఒరిగినట్టుంటాయి. పైన చేయి పెడితే తోలులా గట్టి, అడుగున రాస్తే సన్నటి నూగు. రాలిన ఆకులు నాలుగైదు ఏరుకుని అమ్మ ఒళ్లో పెట్టుకుంది. "యాడికి పోయినా మోదుగకు మూడే ఆకులు బిడ్డా," అంటూ పాపకు చూపింది. తర్వాత చాపలోంచి ఒక ఈనె లాగి, గోటితో చీల్చి సన్నం చేసింది. పెద్దాకు నడిమిట్ల పెట్టి, దాని అంచు మీద ఇంకో ఆకు అంచు ఎక్కించి, ఈనెను గుచ్చి, రెండు నూళ్ల అవతల పైకి తీసి, అక్కడే పుటుక్కున తుంచింది. ముడి లేదు, దారం లేదు. అలా చుట్టూ తిప్పుకుంటూ పోయింది. ఎండిన ఆకు కావడంతో రెండుచోట్ల పెట్లింది. "పచ్చిగున్నప్పుడు కుట్టి, బరువు కింద పెట్టి ఎండబెట్టాలె. పెండ్లంటే నెల ముందు నుంచి ఇండ్లల్ల ఇదే పని," అంది. నల్లగొండ వైపు పల్లెలో తన చిన్నతనం గురించి అమ్మ అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పాప కుట్టిన విస్తరి అరచేతి వెడల్పు కూడా రాలేదు. దాని మీదే రెండు ముద్దలు పులిహోర పెట్టించుకుని తింది.

అదే చెట్టు దగ్గరికి ఫిబ్రవరి చివర్లో మళ్లీ వెళ్లాం. ఆకు ఒక్కటీ లేదు. వంకర కొమ్మల మీద వరసగా మొగ్గలు, మొగ్గ అడుగున నల్లటి మఖమల్ లాంటి తొడిమ, అందులోంచి నిప్పు రంగు పువ్వు. ఒక పువ్వును పక్కకు తిప్పి చూస్తే అడుగు రేకు చిలుక ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు, 'చిలుకా ఏమి?' అని. ఆ పేరు పెట్టినవాడెవరో గానీ చెట్టు కింద కూర్చుని చూసినవాడే. పువ్వును ముక్కుకు ఆనించుకుంటే వాసన లేదు. తేనె మాత్రం పుష్కలం, గోరువంకలు కొమ్మ వదల్లేదు. రాలిన పూలు గుప్పెడు తెచ్చి రాత్రి నీళ్లలో మరిగిస్తే పొద్దుటికి గిన్నెలో పసుపు కలిసిన నారింజ రంగు. మా ఊళ్లలో ఒకప్పటి హోలీ రంగు అదే.

పేరు బోర్డు మీద లాటిన్ పేరు బ్యూటియా మోనోస్పెర్మా. మోనోస్పెర్మా అంటే ఒకే గింజ కలది. బల్లపరుపు కాయ కొసన ఒక్కటే గింజ ఉంటుంది, మిగతా కాయంతా గాలికి రెక్క. ఈ సంగతి బోర్డు చెప్పదు, కాయను చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది.

చెట్టును ఇలా దగ్గర కూర్చుని చదవడం మన నేలకు కొత్త విద్యేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో మన సామర్లకోటలో ఉండేవాడు. అక్కడే తోట వేసి, మిరియాలు పెంచి చూశాడు. చుట్టుపక్కల అడవుల మొక్కలకు ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించి, పక్కనే తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్ బాధ్యతలు తీసుకోవడానికి ముందు ఆయన వృక్షశాస్త్రం ఎక్కువగా సాగింది తెలుగు నేల మీదే. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన గ్రంథంలో 300 బొమ్మలున్నాయి, మొదటి సంపుటం 1795లో వచ్చింది. జ్వరానికి కషాయం కాచుకునే మన సోమిద చెట్టు ఉంది కదా, దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట సోయ్‌మిడా. మన తెలుగు మాటే లాటిన్ దుస్తులు వేసుకుని ప్రపంచమంతా తిరుగుతోంది. ఇది తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పేరు ఆయనకు చెప్పిన మనిషి మా అమ్మ లాంటి మనిషే అయి ఉంటుందని నా నమ్మకం.

బొటానికల్ గార్డెన్ అంటే బడి లాంటిదని నాకిప్పుడు అనిపిస్తుంది. బోర్డులుంటాయి, వరసలుంటాయి, తప్పు చదివితే దిద్దుకునే వీలుంటుంది. పరీక్ష మాత్రం మా ఇంటి పక్కనే ఉంది, విజయవాడ హైవే మీద, వనస్థలిపురం దగ్గర. మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనం. ఒకప్పుడు నిజాముల వేటస్థలం. 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణోత్సవ సందర్భంగా ఆయన పేరు పెట్టారు. 3,758 ఎకరాలు, కృష్ణజింకలకు ఆలవాలం. మా కాలనీలో ఎవరినడిగినా "అక్కడ చూడ్డానికేముంది, అన్నీ ముళ్లకంపలే" అంటారు. నేనూ పదేళ్లు అలాగే అన్నాను. హైవే మీద బస్సులో పోతూ చూస్తే అంతా ఒకటే బూడిద రంగు పొద.

ఏడు చెట్లు తెలిశాక ఆ పొద విడిపోయింది. గేటు దాటి లోపలికి పోతుంటే పాప చేయి చాపి, "అమ్మమ్మా, మోదుగ!" అంది. ఆకు లేదు, పువ్వూ లేదు, దూరాన ఒక వంకర మాను. దగ్గరికెళ్లి చూస్తే కింద బల్లపరుపు కాయలు. అక్కడ ఏ బోర్డూ లేదు. ఆ పక్కన పొడుగాటి నల్లకాయలతో రేల, ఇటు వేప, అటు సీతాఫలం పొదలు. ముళ్లకంప అని మేం కొట్టిపారేసిన దాంట్లో ఒక్కొక్కరే పేరు చెప్పుకుంటూ ముందుకొస్తున్నట్టుంది. జింకలు కనిపించాయి, మగది నల్లటి వీపుతో, మెలికల కొమ్ములతో. పాప ఒక నిమిషం చూసి మళ్లీ చెట్ల మీదికి మళ్లింది. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

ఒక్క మొక్క దగ్గర మాత్రం ఆగిపోయాం. నడుమెత్తు పొద. ఆకులు ఎదురెదురుగా, ముళ్లూ ఎదురెదురుగా జంటలు. అమ్మ చూసీ చూడగానే బలుసు అంది. "బతికుంటె బలుసాకు తినొచ్చంటరు గద, ఆ బలుసే. కరువుల మేం తిన్నం." నాకేమో మంగ అనిపించింది. మంగకూ ముళ్లు జంటగానే ఉంటాయి. ఒక ఆకు నమిలి చూస్తే తేల్చేస్తానంది అమ్మ. జాతీయ వనంలో ఆకు తుంచకూడదని పాప అడ్డుపడింది. అమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

పూత వస్తే తెలిసిపోతుంది. మంగైతే పువ్వు తెల్లగా విచ్చుకుని తర్వాత పసుపు తిరుగుతుంది. బలుసైతే ఆకుపచ్చ కలిసిన చిన్నచిన్న గుత్తులు. పాప నోటు పుస్తకంలో ఎనిమిదో నంబరు వేసి, పక్కన రెండు పేర్లూ రాసి, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టింది. ఆ పొద పక్కన పెద్ద బండ ఒకటి ఉంది, ఆనవాలుగా దాన్నీ గీసుకుంది. వానలు మొదలయ్యేలోపు ఇంకో రెండుసార్లు వెళ్లి చూడాలి.