పసుపు నీలం కట్టుకున్న లంక

డాన్యూబ్ బ్రాటిస్లావా దగ్గర రెండు పాయలవుతుంది. పెద్ద పాయ దక్షిణపు అంచున సాగిపోతుంది. చిన్న పాయ ఉత్తరాన మెలికలు తిరిగి, వాహ్ నదిలో కలిసి, దానితోపాటు కొమార్నో దగ్గర మళ్లీ తల్లి ఒడికి చేరుతుంది. ఆ రెండింటి నడుమ మిగిలిన నేల యూరప్‌లోకెల్లా పెద్ద నదీ లంక. హంగేరియన్లు చల్లోకోజ్ అంటారు, స్లొవాక్‌లు జిత్నీ ఓస్త్రోవ్ అంటారు. పూర్వం అక్కడి ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకునేవారు. గులకరాళ్ల పొరల కింద ఇప్పటికీ ఎంత తోడినా తరగని తియ్యటి నీరుంది. ఆ లంక నడిబొడ్డున ఒక చిన్న ఊరు, దునసెర్దహెయ్. స్లొవేకియా పటంలో దునయ్‌స్కా స్త్రెదా. 1904లో నువ్వు, DAC అనే ఫుట్‌బాల్ క్లబ్బువు, కళ్లు తెరిచింది ఆ ఊళ్లో, డాట్స్!

నిన్ను కప్పుల లెక్కతో పొగడలేను. నీ అలమారలో వెండి తక్కువ. మాడ్రిడ్‌నీ మ్యూనిక్‌నీ పాడడానికి లోకంలో గొంతులు చాలానే ఉన్నాయి. నేను పాడాలనుకున్నది నీ పసుపు, నీ నీలం. నీ మూడక్షరాలను గుండెలకు హత్తుకుని నూట ఇరవై ఏళ్లు దాటించిన ఆ లంక జనాన్ని.

నువ్వు ఆస్ట్రియా–హంగరీ చక్రవర్తి ఏలుబడిలో పుట్టావు. నీకు పదహారేళ్లు నిండే నాటికి, 1920 జూన్ 4న, పారిస్ పక్కన త్రియనో రాజప్రాసాదంలో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నీ ఊరు కదల్లేదు, సరిహద్దు గీతే వచ్చి దక్షిణాన డాన్యూబ్ మీద పడుకుంది. పొద్దున గోల్‌పోస్టులు పాతిన కుర్రాళ్లు సాయంత్రానికి పరాయి దేశంలో, చెకొస్లొవేకియాలో, ఆడినట్టయింది. 1938 నవంబరులో వియన్నాలో మరో సంతకం, గీత ఉత్తరానికి జరిగింది, ఊరు మళ్లీ హంగరీ. 1945లో మళ్లీ చెకొస్లొవేకియా. 1993 నూతన సంవత్సరం నాడు స్లొవేకియా. మధ్యలో, 1992 అక్టోబరులో, గాబ్చికోవో జలవిద్యుత్ కేంద్రం కోసం సాక్షాత్తూ డాన్యూబ్‌నే పక్కకు మళ్లించారు. ఆ నేల మీద నదిని కూడా కదిలించగలిగారు, నిన్ను కదిలించలేకపోయారు.

నువ్వు పుట్టిన నాటి ఊరిని తలచుకోకుండా నిన్ను పాడితే పాట సగమే అవుతుంది. వ్యాపారుల, చేతిపనివాళ్ల ఊరది, యూదుల ఊరు కూడా. నీకంటే చాలా ముందు ఆ వీధుల్లో ఒక పేద యూదు బాలుడు, కాలు సరిగా లేక, ఊతకర్రతో తిరిగాడు. అతడే ఆర్మిన్ వాంబేరి. పెద్దయ్యాక దర్వీషు వేషం వేసుకుని బుఖారా, సమర్కండ్ చూసివచ్చి, పండితుడై పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ ఊరి నడుమ కూడలికి ఆయన పేరే. కానీ ఆయన జాతి ఇప్పుడా వీధుల్లో ఏది? 1944 వేసవిలో, హంగరీ ఏలుబడిలో, జర్మన్ సైన్యం నీడలో, ఆ ఊరి యూదులను రైళ్లకెక్కించి ఆష్విట్జ్‌కు పంపారు. గీత అటు జరిగినా ఇటు జరిగినా కోల్పోయింది మేమే అని ఎవరు చెప్పుకున్నా, ముందుగా ఆ రైళ్లనే గుర్తుచేసుకోవాలి. నీ మీద ప్రేమతోనే ఈ మాటంటున్నాను, డాట్స్.

ఆ తర్వాత వంతు ఆ ఊరి హంగేరియన్లది. యుద్ధం ముగిశాక చెకొస్లొవాక్ అధ్యక్షుడు బెనెష్ శాసనాలు వాళ్ల పౌరసత్వాన్ని ఊడబెరికాయి. హంగేరియన్ బడులు మూతపడ్డాయి. 1946–47 చలికాలంలో వేలాది కుటుంబాలను సామాను రైలు డబ్బాల్లో చెక్ ప్రాంతాల పొలాలకు, కూలిపనికి తోలారు. జనాభా మార్పిడి పేరుతో ఇంకెన్నో వేలమంది డాన్యూబ్ దాటిపోయారు. తాత కట్టిన ఇంటి తాళంచెవి ఎవరికో అప్పగించి, వాకిట్లో మల్బరీ చెట్టును వదిలేసి. 1948 తర్వాత పౌరసత్వం తిరిగొచ్చింది. బడి గంటలు మళ్లీ మోగాయి. పొలాలేమో సహకార క్షేత్రాలయ్యాయి. ఆ క్షేత్రాల అండతోనే నువ్వు బతికావు. ఒకప్పుడు నీ పేరు వెనక పొల్నోహొస్పొదార్ అని చేర్చారు, వ్యవసాయదారుడని. ఆ తోకను నేను గర్వంగా చెప్పుకుంటాను. ఉక్కు కర్మాగారాలు, సైన్యం, రాజధాని పోషించిన జట్ల మధ్య నువ్వు మొక్కజొన్న చేల నుంచి నడిచొచ్చినవాడివి.

అలా నడిచి నడిచి, 1985లో, చెకొస్లొవేకియా మొదటి లీగ్ గడప తొక్కావు. ఇక్కడ కాస్త ఆగుతాను. ఆ రోజులు ఇలా గబగబా చెప్పి దాటేవి కావు.

కారోల్ పెత్సే శిక్షణలో ఆ జట్టు భయమంటే ఏమిటో మరచిపోయింది. రెండేళ్లు తిరక్కముందే, 1987లో, చెకొస్లొవాక్ కప్ ఫైనల్లో ప్రాగ్ నగరపు మహాజట్టు స్పార్తాకు ఎదురునిలిచావు. ఆట సాగినంతసేపు గోలు పడలేదు. పెనాల్టీల దాకా వచ్చింది. పెనాల్టీ అంటే తెలుసుగా, పదకొండు మీటర్ల దూరంలో ఒక మనిషి, ఒక బంతి, ఒక గోలీ. రాజధాని లేదు, పల్లె లేదు, అక్కడ అందరూ సమానమే. 3–2. కప్పు లంకకు వచ్చింది. బడిలో హంగేరియన్‌లో చదువుకుని, మండల కచేరీలో స్లొవాక్‌లో అర్జీలు పెట్టుకునే జనానికి, దేశమంతటి కప్పు తమ ఊరి చావడిలో కనిపించడమంటే ఏమిటో ఊహించండి. మరుసటి సీజన్‌లో లీగ్‌లో మూడో స్థానం. దాంతో యూఎఫా కప్‌లో చోటు.

1988 శరదృతువు. యూఎఫా కప్‌లో స్వీడన్ జట్టు ఓస్టెర్‌ను చిత్తు చేశావు. తర్వాత చీటీలో వచ్చిన పేరు బయెర్న్ మ్యూనిక్. మ్యూనిక్‌లో 3–1తో ఓడావు. కానీ ఆ ఒక్క గోలు! ఆ గోలును జేబులో దాచుకుని లంకకు తిరిగొచ్చావు. నవంబరు చలిలో బయెర్న్ ఆటగాళ్లు బస్సు దిగింది ఇరవై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊళ్లో. 2–0తో మళ్లీ ఓడావు. ఆ ఓటమిని ఆ ఊరు దుఃఖంగా దాచుకోలేదు. బయెర్న్ మా గడ్డి మీద ఆడింది అన్న మాట పండగ నాటి కొత్త బట్టలాగా మడత నలగకుండా ఇవాళ్టికీ తండ్రుల నుంచి పిల్లలకు అందుతోంది.

తర్వాతి ఏళ్లు పాటకు లొంగవు. యజమానులు మారారు, అప్పులు పెరిగాయి, పై లీగ్ నుంచి జారావు. 2008లో మళ్లీ ఎక్కావు. 2012లో దిగావు, ఏడాదికే తిరిగొచ్చావు. చెప్పి ఊరుకుంటాను.

కానీ 2008 నవంబరు 1 గురించి ఊరుకోలేను. అది సమాధుల మీద దీపాలు పెట్టే రోజు, నదికి ఇటూ అటూ కూడా. ఆ రోజు స్లోవాన్ బ్రాటిస్లావాతో ఆట. హంగరీ నుంచి కూడా అభిమానులు వచ్చారు. ఆట మొదటి సగంలో ఉండగానే పోలీసులు గ్యాలరీలోకి దూరి లాఠీలు ఝళిపించారు. పదుల సంఖ్యలో గాయపడ్డారు. వచ్చినవాళ్లలో తీవ్ర జాతీయవాదులున్నారని స్లొవాక్ ప్రభుత్వం అన్నది. కారణం లేకుండా కొట్టారని హంగరీ నిలదీసింది. ఒక లీగ్ ఆట రెండు దేశాల మధ్య సంక్షోభమైంది. ఆ నెలలోనే ప్రధానులిద్దరూ, రాబర్ట్ ఫిట్సో, ఫెరెన్స్ గ్యుర్చాన్య్, సరిహద్దు పట్టణం కొమార్నోలో కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది స్లొవాక్ రాజభాషా చట్టానికి జరిమానాల కోరలు మొలిచాయి. ఆ కాలంలో నీ గ్యాలరీయే గొంతు విప్పి హంగేరియన్‌లో అరవగల చోటైంది. నెత్తురు రాలిన మెట్ల మీదికి జనం మళ్లీ వచ్చారు. పసుపు నీలం మఫ్లర్లు కట్టుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని. ఆ రావడానికి నేను దండం పెడతాను.

2014లో ఓస్కార్ విలాగి, చల్లోకోజ్ నేల మీద పెరిగిన వ్యాపారవేత్త, నిన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. పాత మైదానం ఉన్న చోటే కొత్త స్టేడియం దశలవారీగా లేచి, 2019కి పూర్తయింది. సుమారు 12,700 కుర్చీలు. ఊరి జనాభాలో సగానికి మించి! పిల్లలకు అకాడమీ వచ్చింది. ఇందులో బుడాపెస్ట్ ప్రభుత్వపు సొమ్మూ ఉంది. సరిహద్దుల అవతల ఉన్న హంగేరియన్ల జట్లను, రొమేనియాలో షెప్షిని, సెర్బియాలో బాచ్కా తొపోలాను కూడా, ఆ ప్రభుత్వం ఇలాగే సాకింది. ఏలేవాళ్లు ఇచ్చే డబ్బుకు ఏలేవాళ్ల లెక్క ఒకటి ఉంటుంది. అది నాకు నచ్చదు, నచ్చనట్టే చెబుతున్నాను. అయినా బూట్లు బిగించుకుంటున్న పదేళ్ల పిల్లకు ఆ లెక్కతో పనేముంది? ఆమె కాళ్ల కింద పచ్చిక పచ్చికే.

ఆట మొదలయ్యే ముందు నీ స్టేడియంలో ఒక పాట లేస్తుంది. ఇష్మెరోష్ ఆర్త్సొక్ అనే హంగేరియన్ బృందం కట్టిన ‘నేల్కులెద్’. అది ఫుట్‌బాల్ పాట కాదు. విడదీసినా విడిపోమని ఒకరికొకరు చెప్పుకునే పాట. వేల మఫ్లర్లు తలల మీదికి లేస్తాయి. ముసలివాళ్లు కళ్లు మూసుకుని పాడతారు. పక్కన నిలబడ్డ మనవడు నోరు కదుపుతూ, తాత ఎందుకు ఏడుస్తున్నాడో అర్థంకాక పైకి చూస్తాడు. ఆ పాటతో ఎవరి నేలా ఎవరూ లాక్కోవడం లేదు. స్లొవేకియాలో హంగేరియన్లమని చెప్పుకున్నవారు 2021 జనగణనలో 4,22,000 మంది. పదేళ్ల కిందటి కంటే ముప్ఫై వేలకు పైగా తక్కువ. తరిగిపోతున్న జనం తమ గొంతు ఇంకా ఎంత పెద్దదో ఆట జరిగినప్పుడల్లా చెవులారా విని ఇంటికి పోతారు. ఇందులో భయపడవలసిందేముంది? 2019లో పరాయి దేశపు జాతీయగీతాలను కట్టడి చేసే సవరణకు స్లొవాక్ పార్లమెంటు ఓటేసినప్పుడు, ఆ సభ్యులు ఒక్క సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుని ఉంటే బాగుండేదనిపించింది.

ఎందుకంటే నీ జట్టు ఒక్క జాతి జట్టు కాదు. నదికి ఆవల గ్యోర్‌లో పుట్టిన జోల్ట్ కల్మార్ నీ కెప్టెన్ పట్టీ కట్టుకున్నాడు. అతని పక్కన స్లొవాక్ ఆటగాళ్లు చెమటోడ్చారు. ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన వకూన్ బాయో గోలీల గుండెలు దడదడలాడించే గోల్స్ వేసి, 2019లో గ్లాస్గో సెల్టిక్‌కు వెళ్లాడు. 2018 ప్రపంచకప్‌కు పనామా తరఫున ఎరిక్ డేవిస్ వెళ్లినప్పుడు, ఆ దూరదేశపు జట్టు కోసం ఈ లంక టీవీల ముందు కూర్చుంది. నీ ఊళ్లోనే పుట్టిన లాస్లో బేనెష్, హంగేరియన్ పేరుతో, స్లొవేకియా జాతీయ జట్టు చొక్కా వేసుకుని ఆడుతున్నాడు. ఆ చొక్కా అతనికి బిగుతుగా ఏమీ లేదు.

2019లో రెండో స్థానం. 2021లో రెండో స్థానం. 2023లో మళ్లీ రెండో స్థానం. మూడుసార్లూ కిరీటం రాజధానికే, స్లోవాన్‌కే పోయింది. నాకు ఆ కిరీటం నీ తల మీద చూడాలని ఉంది, దాచుకోను. స్పార్తా గోలీని ఓడించిన ఆ 1987 నాటి పెనాల్టీల సాక్షిగా, మొక్కజొన్న చేల సాక్షిగా, రైలు డబ్బాల్లో పోయినవాళ్ల సాక్షిగా, ఆష్విట్జ్ నుంచి తిరిగిరాని ఆ ఊరివాళ్ల సాక్షిగా అడుగుతున్నాను. రెండు భాషల్లోనూ అరిచేవాళ్లు అరవనీ. బంతిని మధ్యలోకి తోసి, ఎడమ అంచున ఖాళీ చూసుకుని, మళ్లీ పరుగెత్తు. హయ్‌రా, డాట్స్!