తిరిగి ఎగిరిన హరికేన్: ఒక పరిశీలన

పాత యుద్ధవిమానాన్ని బాగుచేసి ప్రదర్శనకు పెట్టినప్పుడు చూపరి ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు: ఇందులో పాతదెంత, కొత్తదెంత? ఇందుకు హరికేన్ ఆర్4118 మంచి ఉదాహరణ.

సిడ్నీ కామ్ రూపొందించిన హరికేన్ 1935 నవంబరు 6న మొదటిసారి ఎగిరినది. గ్లాస్టర్ కర్మాగారంలో తయారైన ఆర్4118 1940 ఆగస్టులో బ్రిటిషు వైమానికదళపు 605వ స్క్వాడ్రనుకు చేరినది. ఆ ఏటి శరత్తులో లండను సమీపాన ఉన్న క్రాయిడన్ నుండి లేచి జర్మను విమానాలతో తలపడినది. తరువాత శిక్షణ నిమిత్తం దానిని ఇండియాకు పంపినారు. యుద్ధానంతరం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థుల బోధనకు అది చేరినది. ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడుస్తూ ఉండగా 1982లో పీటర్ వాచర్ అనే ఆంగ్లేయుని కంట బడినది. 2001లో ఆయన దానిని ఇంగ్లండుకు తరలించినాడు. 2004 డిసెంబరులో అది మళ్ళీ ఆకాశానికి లేచినది.

అన్ని వర్షాకాలాలు గడచిన తరువాత అది ఎట్లా సాధ్యమైనది? జవాబు దాని నిర్మాణంలోనే ఉన్నది. హరికేన్ వెన్నెముక లోహపు గొట్టాల చట్రం. గొట్టాలను అతకలేదు, కొసలను చదరంగా నొక్కి, పలకలతో, బోల్టులతో బిగించినారు. ఆ చట్రంపై చెక్క బద్దలు, వాటిపై నారగుడ్డ. గుడ్డకు డోపు అనే లేపనం పూస్తే అది ఆరి బిగుసుకొని తప్పెట చర్మం వలె అవుతుంది. పూరింటి కప్పును ఎన్నిసార్లు మార్చినా నిట్రాళ్లూ దూలాలూ ఇంటిని నిలబెట్టినట్లే ఇదీను. స్పిట్‌ఫైర్ సంగతి వేరు. దాని పైరేకే బరువు మోస్తుంది. రేకు తినిపోతే బలమూ పోతుంది.

అయితే ఎగురవలసిన విమానానికి అనుమానాస్పదమైన భాగం పనికిరాదు. కంటికి కనబడని పగులు లోహంలో ఉండవచ్చును. కనుక ఇంజనీరు నిర్దాక్షిణ్యంగా మార్చివేయక తప్పదు. చరిత్రకారునికి ఆ పగులే సాక్ష్యం! 1940లో కూలి, 1973లో భూమినుండి త్రవ్వి తీసిన హరికేన్ పి3175ను లండనులోని వైమానికదళ ప్రదర్శనశాల బాగుచేయక, నలిగిన లోహంగానే చూపినది. కూలినప్పుడు విమానం ఏమవుతుందో దానిని చూస్తే తెలియును. రెక్క గాలిని ఎట్లా పట్టునో తెలియదు.

ఆర్4118ను ఎగురవేయుట సరియైన నిర్ణయమే. హరికేన్ నిర్మాణమే ముక్కముక్కగా మార్చుటకు అనువైనది. దానిని ఉన్నదున్నట్లు నిలిపివుంచినందువలన నేర్చుకొనేది తక్కువ. లోపం మరొకచోట ఉన్నది. పునరుద్ధరణలో దానికి 605వ స్క్వాడ్రను నాటి 1940 రంగులు వేసినారు. పోరాడినది కొన్ని నెలలు, కాశీలో ఉన్నది అర్ధశతాబ్దానికి పైగా. ఆ రెండవ జీవితం రంగు క్రింద పడిపోయినది. విరోధమేమంటే, దానిని కాపాడినది ఆ రెండవ జీవితమే. తోటి విమానాలలో అధికభాగం తుక్కుగా పోయినవి.

ఇటువంటి విమానాన్ని ఉంచే ప్రదర్శనశాల మార్చిన భాగాలను పారవేయక, ప్రక్కనే ఒక బల్లపై ఉంచి, ఏది ఎప్పుడు, ఎందువలన తీసినదీ వ్రాయవలెను. తుప్పుతిన్న బోల్టు ఒకటి, దాని స్థానంలో బిగించిన కొత్త బోల్టు ఒకటి చేతికిస్తే పదవ తరగతి విద్యార్థి కూడా తేడా చెప్పగలడు.