ఉప్పు తెలిసిన నాలుక

కరీబియన్ దీవుల్లోని హైతీ పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. సమాధిలోంచి లేపి తెచ్చుకున్న శవానికి మంత్రగాడు తిండి పెడతాడు గానీ అందులో ఉప్పు వేయడు. ఉప్పు నాలుకకు తగిలిందంటే దానికి తానెవరో గుర్తొస్తుంది. చేతిలో పని అక్కడే పడేసి, ఎవరు అడ్డం వచ్చినా ఆగకుండా తన సమాధి వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. ఆ శవమే జాంబీ. జాంబీకి పుట్టిల్లు ఆ పల్లెలే. సినిమాల్లో మనుషుల్ని పీక్కుతినే జాంబీకీ, ఆ ఊళ్ళ జాంబీకీ పేరు తప్ప చుట్టరికం తక్కువ. అక్కడి జాంబీ ఎవరినీ కరవదు. ఒకరి పొలంలో రాత్రీ పగలూ చాకిరీ చేస్తుంది.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఆ నేల మీద పెద్ద పెద్ద చెరకు తోటలుండేవి. 1791లో తిరుగుబాటు రాజుకునే నాటికి అక్కడ దాదాపు 5 లక్షల మంది బానిసలున్నారు. కొట్టిన చెరకు వెంటనే ఆడకపోతే రసం చెడుతుంది. ఈ మాట అనకాపల్లి వైపు బెల్లం వండే ఏ రైతునడిగినా చెబుతాడు. అందుకే కోతల కాలంలో గానుగ ఆగేది కాదు. నిద్ర ఆపుకోలేక తూగుతూ చెరకు అందించే మనిషి చెయ్యి రోలర్ల మధ్య పడితే నరికేయడానికి కరీబియన్ దీవుల్లో గానుగ పక్కనే గొడ్డలి ఉంచుకునేవారు. మనిషిని కాపాడటానికి గానుగ ఆపడం కన్నా చెయ్యి నరకడమే తేలిక. అలాంటి బతుకులో మిగిలిన ఒకే ఒక ఆశ చావు. చచ్చాక ప్రాణం సముద్రం దాటి గినీకి, తాతముత్తాతల నేలకు చేరుతుందని వాళ్ళు నమ్మారు. జాంబీ అయితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. చచ్చినా అదే తోట, అదే యజమాని. 1804లో ఆ బానిసలే దేశాన్ని స్వతంత్రం చేసుకున్నారు గానీ, ఆ భయం మాత్రం పోలేదు. ఇప్పటికీ జాంబీ ఎదురైతే ఏమవుతుందోనని కాదు, తామే జాంబీ అయిపోతామేమోనని అక్కడివాళ్ళు భయపడతారు. జాంబీ మీద వాళ్ళకుండేది జాలి.

1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా సైన్యం ఆక్రమణలో ఉంది. ఆ రోజుల్లోనే విలియం సీబ్రూక్ అనే అమెరికన్ అక్కడికి వెళ్ళి, 1929లో ఒక పుస్తకం అచ్చువేశాడు. చెరకు తోటల్లో శవాలు పనిచేయడం గురించి అందులో రాశాడు. 1932లో ‘వైట్ జాంబీ’ సినిమా వచ్చింది. అందులో ఒక దృశ్యం నన్ను వదలదు. చక్కెర మిల్లు తిప్పుతున్న జాంబీల్లో ఒకడు తూలి యంత్రంలో పడిపోతాడు. మిగతావాళ్ళు తల కూడా తిప్పరు. గానుగ తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత 1968లో జార్జ్ రొమేరో తన సినిమాలో శవాలను మనుషుల మీదికి వదిలాడు. 1978లో ఇంకో సినిమాలో వాటిని ఒక షాపింగ్ మాల్‌కు నడిపించాడు. బతికున్నప్పటి అలవాటు కొద్దీ అవి అక్కడికే వస్తాయి. రొమేరో గొప్ప దర్శకుడే. కానీ ఆ మాల్‌తో జాంబీ అర్థం తలకిందులైంది. చాకిరీ చేసేవాడు కాస్తా కొనేవాడయ్యాడు, జాలి కాస్తా అసహ్యమైంది, యజమాని కథలోంచి తప్పుకున్నాడు. మన తెలుగులోకి 2021లో ‘జాంబీ రెడ్డి’ సినిమాగా వచ్చేసరికి మన పిల్లలకు తెలిసిన జాంబీ ఈ కరిచే జాంబీయే.

ఇవాళ మెట్రోలో తలవంచుకుని ఫోన్లు చూసుకునేవాళ్ళను జాంబీలని వెక్కిరిస్తుంటారు. నాకా వెక్కిరింత నచ్చదు. హోటల్ బయట బైక్ మీద కూర్చుని తెర వంక కళ్ళార్పకుండా చూస్తున్న డెలివరీ కుర్రాడికి ఆ ఫోనే మేస్త్రీ. రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ క్యాబ్‌లో మెడ వాల్చేసిన అమ్మాయి ప్రాణం లేక వాల్చలేదు, నిద్ర లేక వాల్చింది. వాళ్ళను నిందించేముందు వాళ్ళ పొద్దంతా ఎవరి పొలంలో గడుస్తోందో అడగాలి. హైతీ రైతుకు తెలిసిన ఈ ప్రశ్నను మనం మరిచిపోయాం.

జాంబీ కాకుండా ఉండటానికి నేను ఆచరించేది చిన్న పని. అన్నం తినేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో ఉంటుంది. టీవీ ఉండదు, పేపరూ ఉండదు. కంచం ముందు కూర్చుంటాను. వేడి అన్నంలో పప్పు, ఆవకాయ కలుపుతుంటే ముందు వేళ్ళకు తెలుస్తుంది, తర్వాత ముక్కుకు, ఆపైన నాలుకకు. మామిడికాయ పప్పులో పులుపు ముందొస్తుంది, ఉప్పు వెనక నిలబడి దాన్ని మోస్తుంది. ఉప్పు తగ్గితే పులుపు నోట్లో గరుకుగా తగులుతుంది. ఇదంతా తెలియాలంటే తినే మనిషి అక్కడ ఉండాలి. మన ఇళ్ళలో వండినవాళ్ళు వడ్డిస్తూ అడిగే మాట ఒకటుంది: “ఉప్పు సరిపోయిందా?” తినేవాడు తమ ఎదుట ఉన్నాడో లేడో కూడా ఆ జవాబుతోనే వాళ్ళకు తెలిసిపోతుంది. “పులుసులో చిటికెడు తగ్గింది, వేపుడులో సరిగ్గా ఉంది” అన్న రోజు మా ఆవిడ ముఖంలో కనిపించే తృప్తి, ఉత్తినే “బాగుంది” అన్నప్పుడు కనబడదు. ఉప్పూ కారం తినే మనిషి అని మనం ఊరికే అనం. మాట పడితే నొచ్చుకునేవాణ్ణి, అన్యాయం చూస్తే రోషం వచ్చేవాణ్ణి అలా అంటాం.

బతికున్నట్టు అనిపించాలంటే కొండలెక్కాలి, విమానంలోంచి దూకాలి, ఎక్కడికో పోయి మౌనంగా కూర్చోవాలి అంటూ ఇప్పుడు దాన్నీ ప్యాకేజీలుగా అమ్ముతున్నారు. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళవచ్చు, తప్పులేదు. కానీ ప్రాణం ఉన్నట్టు తెలియడానికి సెలవూ డబ్బూ కావాలంటే నేను ఒప్పుకోను. రోజుకు రెండుసార్లు కంచం ముందుకు రాకుండా ఎవరికీ గడవదు. ఆ కాసేపు మనిషి సొంతం కావాలి. అయితే ఇందులో సగమే మన చేతిలో ఉంది. భోజనం మధ్యలో ఫోన్ మోగితే ఎత్తక తప్పని ఉద్యోగాలు ఎన్నో. అందరి పూటా ఒకలా లేదు.

అందుకే ఈ వారం నా విన్నపం తినేవాళ్ళకు కాదు, పని చేయించేవాళ్ళకు. మీ కింద ఒక్కరు పనిచేస్తున్నా సరే, వాళ్ళ భోజనం వేళ ఏదో తెలుసుకోండి. ఆ వేళకు ఫోన్ చేయకండి. మీ ఇంటికి పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఆలస్యమైతే, కసరుకునే ముందు అన్నం తిన్నావా అని అడగండి.