ఎనిమిది క్లాకుల్లో ఒక బిట్టు

యూఎస్‌బీలో మాట్లాడాలంటే చిప్‌లో అందుకు ప్రత్యేకమైన సర్క్యూట్ ఉండాలనుకుంటాం. వియన్నాలోని ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ వాళ్లు రాసిన వీ-యూఎస్‌బీ అనే డ్రైవర్‌కు అది అక్కర్లేదు. 2 కిలోబైట్ల ఫ్లాష్, 128 బైట్ల ర్యామ్ ఉన్న ఏటీటైనీ2313 లాంటి ఏవీఆర్ చిప్ చాలు. బయట నాలుగైదు రెసిస్టర్లు, డయోడ్లు. మిగతా భారమంతా కోడ్‌దే; అది కూడా 1,150 నుంచి 1,400 బైట్ల లోపే.

సోర్స్ తెరిస్తే ఒక్కో క్లాక్ వేగానికి ఒక్కో అసెంబ్లీ ఫైలు కనిపిస్తుంది. అసలు పనితనం అక్కడే ఉంది. లో-స్పీడ్ యూఎస్‌బీ తీగ మీద సెకనుకు 15 లక్షల బిట్లు వస్తాయి. చిప్ 12 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే ఒక్కో బిట్టుకు దక్కేది సరిగ్గా 8 క్లాకులు. ఆ ఎనిమిదిలోనే పిన్ చదవాలి, కిందటి స్థితితో పోల్చాలి (మారకపోతే 1, మారితే 0), వచ్చిన బిట్టును బైటులోకి జరపాలి, వరుసగా ఆరు ఒకట్లు వచ్చాయేమో చూడాలి. వస్తే ఆ తర్వాతి బిట్టు నింపుడు సున్నా, దాన్ని పారేయాలి. ప్యాకెట్ ముగిసిందేమో కూడా గమనిస్తుండాలి. బైటు నిండితే మెమరీలో పెట్టడానికే రెండు క్లాకులు పోతాయి. ఇక లూప్ తిప్పుకునే తీరిక ఎక్కడిది? అందుకే ఏ బిట్టు కోడ్ ఆ బిట్టుకు విడిగా రాశారు; ఒకచోట పట్టని పనిని పక్క బిట్టులో మిగిలిన క్లాకులోకి నెట్టారు. ఆదేశాల పక్కన కామెంట్లలో అంకెలుంటాయి: ప్యాకెట్ మొదట వచ్చే సింక్ బిట్లలో చివరిదాని నడిమధ్య నుంచి అది ఎన్నో క్లాకు అన్న లెక్క.

16 మెగాహెర్ట్జ్ వచ్చేసరికి ఒక్కో బిట్టుకు 10 క్లాకుల మీద మూడింట రెండు వంతులు. ప్రాసెసర్‌కు భిన్నాలు తెలియవు. కొన్ని బిట్లకు 10, కొన్నింటికి 11 ఇస్తూ, తాళం తప్పని మృదంగ విద్వాంసుడిలా కోడ్ సమం మీదికి వస్తుంది.

దేన్ని వదులుకోవాలో తెలియడం కూడా పనితనమే. 12 మెగాహెర్ట్జ్‌లో వచ్చిన డేటాకు సీఆర్సీ (తప్పులు పట్టే) తనిఖీ చేయరు, వ్యవధి లేదు. తనిఖీ కావాలన్నవారికి 18 మెగాహెర్ట్జ్ ఫైలు ఒకటి విడిగా ఉంది. నా మటుకు ఈ నిర్ణయం సబబే. ప్యాకెట్ల రద్దీని కూడా డ్రైవరే సర్దుకుంటుంది: ముందు వచ్చిన ప్యాకెట్ సంగతి ప్రోగ్రామ్ ఇంకా చూడకపోతే, కంప్యూటర్‌కు 'నాక్' (ఇప్పుడు కాదు) అని బదులిస్తుంది. కంప్యూటర్ మళ్లీ అడుగుతుంది. ప్రత్యేక సర్క్యూట్ లేకుండా నడిచే ఈ సౌకర్యానికి మూల్యం లేకపోలేదు: 12 మెగాహెర్ట్జ్‌లో మన కోడ్ డ్రైవర్ ఇంటరప్టును 25 క్లాకులకు మించి ఆపకూడదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 మీద చేసిన పని. కచ్చితమైన క్లాకు కోసం దానికి క్రిస్టల్ పెడితే రెండు కాళ్లు పోతాయి. లోపలి ఆసిలేటరేమో ఫ్యాక్టరీ నుంచి 10 శాతం దాకా తేడాతో రావచ్చు. అయితే కంప్యూటర్ మిల్లీసెకనుకోసారి తీగ మీద ఒక సంకేతం పంపుతూ ఉంటుంది. రెండు సంకేతాల మధ్య తన క్లాకులెన్నో చిప్ కొలుచుకుని, ఆసిలేటర్ విలువను సగం సగంగా జరుపుతూ 16.5 మెగాహెర్ట్జ్‌కు చేరువవుతుంది. చివర్లో ఇరుగుపొరుగు విలువల్ని కూడా చూసి మెరుగైనదాన్ని ఉంచుకుంటుంది. ఆ వేగానికి రాసిన కోడ్ ఇంకా ఒక శాతం తేడాను తట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లు వాడే డిజిస్పార్క్ బోర్డు ఇలా క్రిస్టల్ లేకుండానే యూఎస్‌బీ పోర్టులో కూర్చుంటుంది.