కుట్టుకూలిలో బ్రష్షు వాటా

కుట్టు చక్కగా పడితే దర్జీ చేతిని మెచ్చుకుంటాం. మిషన్ శుభ్రాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగి, దుమ్ము రేగే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, కదిరి లాంటి ఊళ్లో, వీధివైపు అంగడి తెరిచి కుట్టేవాళ్లకు అసలు పరీక్ష అక్కడే. నూలు గుడ్డ రాల్చిన నూగు, ఎర్ర దుమ్ము, మిషన్ నూనె కలిసి సూది ప్లేటు కింద, బట్టను జరిపే పళ్ల సందుల్లో గట్టి ముద్దవుతాయి. దాంతో బట్ట సరిగా జరగదు, కుట్లు తప్పుతాయి, అడుగున దారం ఉండ కడుతుంది. మనమేమో సూదిని తిట్టుకుంటాం.

పని తెలిసిన దర్జీ దారం మార్చేటప్పుడు ఫుట్ ఎత్తి, రీలు దగ్గర కత్తిరించి, కొసను సూది వైపు నుంచి లాగేస్తాడు. వెనక్కి లాగితే దారానికంటిన నూగు టెన్షన్ బిళ్లల మధ్య ఇరుక్కుంటుంది. మూరెడు దారం దండగే కదా అంటారు. తప్పిన కుట్టు విప్పి మళ్లీ కుడితే అంతకన్నా ఎక్కువే పోతుంది. నోటితో ఊదితే చాలదా అంటే, ఊపిరి నూగును లోపలికే తోస్తుంది, తేమనూ చేరుస్తుంది. ప్లేటు విప్పి, బాబిన్ కేసు తీసి, షటిల్ చుట్టూ బ్రష్షుతో తుడిచాకే చుక్క నూనె వేయాలి. పండగ గిరాకీలో అంత తీరికెక్కడిదన్నది న్యాయమైన మాటే. కానీ ఆ గిరాకీలోనే మిషన్ మొరాయిస్తే పోయేది పూట కూలి. అందుకే బేరమాడేటప్పుడు ఈ కనబడని పనికీ విలువ కట్టాలి.