రాత్రి రెండింటికి ఎవరి మాట చెల్లుతుంది?

2025 ఆగస్టు 27 వినాయక చవితి. ఆఫీసులకు సెలవు. ఆ ఒక్క రోజు వ్యవధిలో కామారెడ్డి జిల్లా రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మన ప్రాంతంలో ఏడాది పొడుగునా పడే వానలో అది సగానికి కాస్త అటూ ఇటూ. కామారెడ్డిలో జీఆర్ కాలనీ మునిగింది. 44వ నంబరు జాతీయ రహదారి కోసుకుపోయింది. భిక్కనూరు, తలమడ్ల స్టేషన్ల మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఎల్లారెడ్డి మండలం బొగ్గుగుడిసె దగ్గర వాగులో చిక్కుకున్న కూలీలను ఎస్‌డీఆర్‌ఎఫ్ సిబ్బంది బయటికి తేవాల్సి వచ్చింది. ఇలాంటి విపత్తు వచ్చిపోయిన ప్రతిసారీ ఒకే రకం కోరిక వినిపిస్తుంది: వర్షమాపకాలు పెంచాలి, కెమెరాలు పెట్టాలి, ఇంకా పెద్ద కంట్రోల్ రూమ్ కట్టాలి. అవేవీ వద్దని నేను అనను. ఆర్గొండలో అంత వాన పడిందని మనకు గంట గంటకూ తెలిసిందంటే అక్కడ ఆటోమేటిక్ వర్షమాపకం ఉండబట్టే. కానీ మన దగ్గర ఇరవై నాలుగు గంటల కాపలా దెబ్బతింటున్నది చూపు చాలక కాదని నా వాదన. చూసినవాడికి చేసే అధికారం లేక దెబ్బతింటున్నది.

కంట్రోల్ రూమ్ అనగానే గోడంత తెరలు గుర్తొస్తాయి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022లో మొదలైన కమాండ్ కంట్రోల్ సెంటర్ అలాంటిదే. జిల్లాకు, మండలానికి వచ్చేసరికి అది నాలుగు కుర్చీలు, రెండు ఫోన్లు, ఒక కంప్యూటర్, ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరును కాస్త దగ్గరగా చూడాలి. సాధారణంగా అందులో గళ్లు ఇలా ఉంటాయి: ఫోన్ వచ్చిన టైము, చేసినవారి పేరు, ఊరు, విషయం, ఎవరికి తెలియజేశారు. అక్కడితో పేజీ అయిపోతుంది. ఏం చేశారు, ఎన్ని గంటలకు చేశారు అనే గడి ఉండదు, ఉన్నా ఖాళీగా ఉంటుంది. రాత్రి రెండింటికి ఒక ఊరి నుంచి 'చెరువు కట్ట మీది నుంచి నీళ్లు పోతున్నయి' అని ఫోన్ వచ్చిందనుకుందాం. డ్యూటీలో ఉన్న జూనియర్ అసిస్టెంటు తహసీల్దారుకు చేస్తాడు. ఆయన నీటిపారుదల ఏఈకి చెప్పమంటాడు. ఏఈ ఫోన్ కలవదు, కలిసినా ఆయన ఇంకో మండలంలో ఇంకో కట్ట మీద ఉంటాడు. డీఈకి, ఆర్డీవోకు, మళ్లీ తహసీల్దారుకు. ఒక్కో ఫోన్‌కు ఐదారు నిమిషాలు లెక్కేసినా అరగంట గడిచిపోతుంది. మట్టికట్ట మీది నుంచి నీళ్లు దూకడం మొదలైతే అది గంట కూడా ఆగకపోవచ్చు. రిజిస్టరులో మాత్రం అన్ని గళ్లూ నిండి ఉంటాయి. ఎవరి తప్పూ కనిపించదు. అందరికీ 'తెలియజేశారు'.

యంత్రం ఉండీ చెయ్యి లేవకపోతే ఏమవుతుందో చూడడానికి తెలుగువాళ్లం దూరం పోనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి చుట్టుపక్కల ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. పరుగెత్తుతూ రోడ్ల మీద కూలబడిపోయిన జనాన్ని టీవీల్లో చూశాం. తర్వాత వేసిన హైపవర్ కమిటీ తేల్చిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసేది ఒకటుంది. ఆ ఫ్యాక్టరీలో అత్యవసర సైరన్ మోగించడానికి గేటు దగ్గరతో సహా 36 చోట్ల ఏర్పాటు ఉంది. 36 చోట్లలో ఒక్క చోట కూడా ఎవరూ మోగించలేదు. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లు గుడ్డివాళ్లు కారు, చెడ్డవాళ్లూ కారు. సైరన్ మోగించడం అంటే కంపెనీ తప్పు ఊరందరికీ చాటడం. అంతటి పని తనంతట తాను చేసి, పొద్దున్నే పైవాళ్ల ముందు నిలబడే ధైర్యం మామూలు ఉద్యోగికి ఎవరో ఒకరు ముందే ఇచ్చి ఉండాలి. 37వ మీట పెడితే తీరే లోటు కాదది.

ఇదే సంగతి 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక దగ్గర ఇంకా స్పష్టంగా బయటపడింది. ఆ వేదిక మంటల్లో ఉంటే, దానికి పైపులతో కలిసి ఉన్న పక్క వేదికలు చమురు పంపడం ఆపలేదు. కళ్లెదుట మంట కనిపిస్తున్నా, ఉత్పత్తి ఆపాలంటే ఒడ్డున ఉన్న పై అధికారుల మాట కావాలని ఆగారు. 167 మంది చనిపోయారు. మన వలిగొండది ఇంకో తీరు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున ఎగువన చెరువు తెగి, ఆ వరదకు రైలు మార్గంలోని చిన్న వంతెన కొట్టుకుపోయింది. సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ అందులో పడిపోయింది. 100 మందికి పైగా పోయారు. చెరువు ఒక శాఖది, పట్టాలు ఇంకో శాఖవి. కట్ట తెగిన సంగతి రైలు కంటే ముందు స్టేషన్‌కు చేరే దారి ఆ రాత్రి లేకపోయింది. రైలు మార్గానికి ఎగువన ఉన్న చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది, రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్న పద్ధతీ ఉంది. కానీ తనిఖీ పగటి పని. తలమడ్ల దగ్గర పట్టాలు వేలాడిన రోజున ఏ రైలూ అందులో పడలేదంటే, రైళ్లను ఆపే మాట వేళకు చెల్లింది. ఆ మాట వెనక కీమ్యాన్లు, పెట్రోలింగ్ చేసే ట్రాక్‌మెన్‌లకు ఎర్రజెండా చూపి రైలు ఆపే అధికారం తరాలుగా ఉంది. పట్టా విరిగిందని చూసిన ట్రాక్‌మన్ డివిజనల్ ఇంజనీరుకు ఫోన్ చేసి అనుమతి అడగడు. ముందు రైలు ఆపుతాడు, తర్వాత చెబుతాడు.

మన దగ్గర పుట్టి పెరిగిన ఇంకో ఉదాహరణ 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి మొదలైంది. తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. దాని విజయానికి అంబులెన్సుల సంఖ్యనో, సాఫ్ట్‌వేర్‌నో కారణంగా చెప్పేవాళ్లు ఎక్కువ. అసలు సంగతి ఇంకోటని నా నమ్మకం. ఫోన్ ఎత్తిన ఉద్యోగి వివరాలు రాసుకుంటాడు, పక్క కుర్చీలోని వ్యక్తి దగ్గర్లోని బండిని కదిలిస్తాడు. మధ్యలో సూపర్‌వైజర్ సంతకం లేదు. గుండెనొప్పి నిజమా, గ్యాసా అని తేల్చే వరకు బండి ఆగదు. ప్రతి ఫోన్‌కూ మేనేజరు అనుమతి కావాలన్న నియమం పెట్టి ఉంటే, అవే బండ్లు, అదే సాఫ్ట్‌వేర్ ఉండి కూడా 108 మనకు తెలిసిన 108 అయ్యేది కాదు. అక్కడ సూపర్‌వైజర్ పని వేరే ఉంటుంది: ఏ ఫోన్‌కు బండి ఆలస్యమైంది, ఎందుకైంది, రేపు ఏ చౌరస్తాలో బండి నిలపాలి అని చూసుకోవడం. ఇరవై నాలుగు గంటల వ్యవస్థను నడిపించడం అంటే అదే. ఏ అధికారీ ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండలేడు, ఉండకూడదు కూడా. తాను నిద్రపోతున్నప్పుడు తన తరఫున ఎవరు, ఎంతవరకు నిర్ణయించవచ్చో పగలే కాగితం మీద పెట్టడమే ఆయన అసలు పని.

మన చెరువుల దగ్గరికి వస్తే కాగితం ఒక్కటే చాలదు, కట్ట మీద మనిషి కూడా కావాలి. దోమకొండ చుట్టుపక్కల ఊళ్లవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే ఆ నీళ్లు కిందిదాని మీద పడతాయి. వర్షమాపకం వాన ఎంతో చెబుతుంది, ఉపగ్రహం మబ్బు ఎక్కడుందో చెబుతుంది. కట్ట వెనక ఊట ఎలా వస్తున్నదో రెండూ చెప్పవు. కట్ట అడుగున ఊట తేటగా వస్తుంటే గాబరా పడనక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. అదే ఊట ఎర్రగా, మట్టితో కలిసి వస్తున్నదంటే కట్ట లోపల బుంగ పడింది, మట్టి కొట్టుకొస్తున్నది. అప్పుడు ఇసుక బస్తాలు, ట్రాక్టర్లు, కింది ఊరికి కబురు అన్నీ ఒకేసారి కదలాలి. టార్చిలైటు వెలుతురులో ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకుని రంగు చూసే మనిషి పాత తెలంగాణ ఊళ్లో ఉండేవాడు. నీరడి అనేవాళ్లు. తూము ఎత్తడం, దించడం, మత్తడి చూడడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరగడం అతని పని. తర్వాతి కాలంలో నీరడులు, మస్కూరులు గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్‌ఏలు) అయ్యారు. వీఆర్వో వ్యవస్థ 2020లో పోయింది. 20 వేలకు పైగా ఉన్న వీఆర్‌ఏలను 2023లో వేర్వేరు శాఖల్లో సర్దారు. సర్పంచుల పదవీకాలం 2024 మొదట్లో ముగిసింది. మళ్లీ పంచాయతీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. అంటే ఆగస్టు 27న ఆ వాన కురిసినప్పుడు ఊళ్లో సర్పంచ్ లేడు, వీఆర్వో లేడు, నీరడి లేడు. పంచాయతీ కార్యదర్శి ఒక్కరు మిగిలారు. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, కార్యదర్శులు, ఊరి యువకులు ఆ రోజు చేసిన పని చిన్నదేం కాదు. కానీ కంట్రోల్ రూమ్ నుంచి ఊరికి పోయే తీగకు అవతలి కొస పట్టుకోవాల్సినవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్న సంగతి ఏ తెర మీదా కనిపించలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. నీరడితనం అంత గొప్పదా? కాదు. చాలా ఊళ్లలో అది కులానికి కట్టేసిన చాకిరి. గడీల కింద వెట్టి చూసిన నేల ఇది. దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చిందని గర్వపడుతూనే, ఆ కాలంలో రాత్రి కట్ట మీద తడిసినవాడికి ఏం దక్కిందో అడగడం న్యాయం. వీఆర్‌ఏలకు పే స్కేలు ఇచ్చి రెగ్యులర్ ఉద్యోగులను చేయడం వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడి సాధించుకున్నది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేను అడుగుతున్నది ఆ మనిషిని వెనక్కి పంపమని కాదు. ఆ పని చేసే కుర్చీని ఖాళీగా వదలొద్దని. జీతం, రాత్రి భత్యం, రెయిన్‌కోటు, టార్చి, బీమాతో అది ఏ కులం వాళ్లైనా, ఆడవాళ్లైనా మగవాళ్లైనా చేసే ఉద్యోగం కావచ్చు. పని అవసరం తీరలేదు, పోవాల్సింది వెట్టి ఒక్కటే.

రెండో అభ్యంతరం అధికారుల నుంచి వస్తుంది. చిన్న ఉద్యోగికి అర్ధరాత్రి ఊరు ఖాళీ చేయించే అధికారం ఇస్తే భయపడి ప్రతి వానకూ సైరన్ మోగిస్తాడు, నాలుగుసార్లు ఉత్తదైతే ఐదోసారి జనం మంచం దిగరు అంటారు. ఇందులో నిజముంది. జనం విసిగిపోవడం నిజమైన ప్రమాదమే. కానీ ఏది ఉత్తది అని తేల్చే కొలత మనం సరిచేసుకోవాలి. నాగిరెడ్డిపేట మండలం పోచారం ప్రాజెక్టునే చూడండి. 1917లో మొదలై 1922లో పూర్తయిన ఆనకట్ట. 70 వేల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టారు. ఆ ఆగస్టులో దాని మీదికి లక్షా 80 వేలకు పైగా వచ్చిందని లెక్కగట్టారు. ఒక పక్క మట్టి కోసుకుపోయింది. దిగువ ఊళ్లను అప్రమత్తం చేసి జనాన్ని తరలించారు. ఆనకట్ట తెగలేదు. అంతమాత్రాన ఆ తరలింపు ఉత్తదయిందా? రెండున్నర రెట్ల నీళ్లు మీద పడుతున్న వందేళ్ల కట్టడం కింద పిల్లలను పడుకోబెట్టడానికి ఎవరు ఒప్పుకుంటారు? నిర్ణయం తీసుకున్న క్షణంలో చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి అది సరైనదా కాదా అని చూడాలి. తర్వాత కట్ట నిలిచిందా, తెగిందా అన్నది వేరే సంగతి. ఈ తేడా పాటించని చోట ఏ ఉద్యోగీ రెండోసారి ముందడుగు వెయ్యడు. భయంతో అతిగా మోగించకుండా ఉండాలంటే అధికారం లాక్కోవడం మందు కాదు, గీత గీసి ఇవ్వడం మందు: గంటలో ఇన్ని సెంటీమీటర్లు దాటితే, మత్తడి మీద నీళ్లు ఈ గుర్తు దాటితే, ఊట ఎర్రబడిందని ఇద్దరు చెబితే, ఈ ఈ వాడలను ఖాళీ చేయించు, ఎవరినీ అడగకు. గీత దాటని రోజున అడుగు.

మూడో మాట కూడా ఉంది: సమర్థుడైన కలెక్టర్ ఉంటే ఇవన్నీ ఆయనే చూసుకుంటాడు కదా. సమర్థులైన కలెక్టర్లు చాలామంది వచ్చారు, బదిలీ అయి వెళ్లారు. వాళ్ల మాట మీద ఆ రాత్రి కదిలిన వ్యవస్థ తర్వాతి ఏడు కదులుతుందన్న హామీ కాగితం మీద లేకపోతే లేనట్టే. పైగా 40 సెంటీమీటర్ల వానలో ఒకేసారి వందచోట్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఎంత సమర్థుడైనా ఒక మనిషి వంద నిర్ణయాలు గంటలో తీసుకోలేడు. వాటిలో తొంభై కింద తేలిపోతేనే మిగతా పదింటికి ఆయన బుర్ర ఖాళీగా ఉంటుంది. హెలికాప్టర్ పిలవాలా, సైన్యాన్ని అడగాలా, హైవే మూసెయ్యాలా అనేవి ఆయన చూడాల్సినవి.

2025 సెప్టెంబరు మొదటి వారంలో, అంటే వరద తగ్గిన కొద్ది రోజులకే, గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు. డిసెంబరులో సర్పంచులూ వచ్చారు. కుర్చీల్లో మళ్లీ మనుషులున్నారు. వానాకాలం ముందు జిల్లాలో జరిగే సమీక్షల్లో దోమకొండ, బీబీపేట, భిక్కనూరు, రాజంపేట మండలాలకు చెరువు చెరువుకూ ఒక పేజీ రాయించాలని నా విన్నపం. ఎగువన ఏ చెరువు, దిగువన ఏ ఊరు, ఏ రైలు గేటు. రాత్రి కట్ట చూసేదెవరు, వాళ్లు లేనప్పుడు ఎవరు. ఏ గీత దాటితే ఎవరు ఎవరినీ అడగకుండా చాటింపు వేయించవచ్చు. ఆ పేజీ కింద కలెక్టర్ సంతకం ఉండాలి, ఒక కాపీ పంచాయతీ గోడ మీద అతికించాలి. కంట్రోల్ రూమ్ రిజిస్టరులో 'ఎవరికి తెలియజేశారు' పక్కన ఇంకో గడి గీయడానికి బడ్జెట్ అక్కర్లేదు.