పాత పొగబండి: చూచుటకా, నేర్చుటకా?

ఎనుమాముల విద్యార్థి కాజీపేటలో రైలెక్కినచో దానిని లాగునది విద్యుత్తే. ఆవిరి ఇంజనును ప్రదర్శనలోనే చూడవలెను. సికింద్రాబాదు రైలు నిలయం వద్ద నిలిపిన ‘సర్ అలెక్’ వంటి ఇంజనులో చక్రాలు, పొగగొట్టం కనబడును. వేడి వాయువులు పోవు గొట్టాలు, పిస్టను కదలు తీరు కనబడవు.

రైళ్లను ముందుగానే విద్యుదీకరించిన స్విట్జర్లాండులో, 1943 నాటి బొగ్గు కరువులో, రెండు చిన్న ఆవిరి ఇంజనుల బాయిలరు నీటిని పైతీగ విద్యుత్తుతోనే కాచిరి. బొగ్గు లేకున్నా వేడి ఉన్నచో ఆవిరి ఇంజను నడుచునని తేలినది. ఇంజను నేర్పవలసిన పాఠమిదే.

మన బ్రాడ్‌గేజిపై ఆవిరి బళ్ల నిత్యప్రయాణం 1995లో ముగిసినది. వాటిని నడిపినవారు వృద్ధులైరి. రంగు వేయుటతో సరిపెట్టరాదు. ఇంజను ప్రక్కనే లోపలి భాగాల పటముంచవలెను. ఆ వృద్ధుల అనుభవాన్ని ఇప్పుడే వ్రాయించవలెను.